వైకల్య పింఛను తిరస్కరించారా? న్యాయవాదికి వాటా ఇవ్వకుండానే పోరాడవచ్చు

మీ అన్నయ్య పదిహేనేళ్ల సర్వీసు తర్వాత 2021లో వినికిడి లోపంతో ఇంటికి వచ్చారని, ‘సైనిక సేవతో సంబంధం లేదు’ అంటూ పింఛను, ఆపై అప్పీలు తిరస్కరించారని రాశారు. వచ్చే బకాయిల్లో ఇరవై శాతం ఇస్తేనే కేసు చేపడతానని ఒక న్యాయవాది అన్నారనీ చెప్పారు. దయచేసి ఆ ఒప్పందం మీద సంతకం పెట్టనివ్వకండి. కేసులో వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి.

నేను ఫిరంగి దళంలో పదిహేడేళ్లు చేసి 2011లో వచ్చాను. రక్తపోటు, ముప్పై శాతం వైకల్యం, జీవితాంతం అని రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు నుంచి పంపేముందు పరీక్షించే డాక్టర్ల బృందం) రాసింది. దాని కిందే ‘సేవ వల్ల వచ్చినది కాదు, సేవ వల్ల పెరిగినదీ కాదు’ అని ఇంకో వాక్యం. ఆ వాక్యంతోనే పింఛను పోయింది, మరుసటి ఏడాది అప్పీలూ పోయింది. డాక్టర్లే రాశాక ఇక ఎవరితో వాదించగలమని ఏడేళ్లు ఊరుకున్నాను.

2019లో తోటి మాజీ సైనికుడు ఒకాయన నన్ను జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు తీసుకువెళ్లాడు. 1987 నాటి చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు, ఆదాయ పరిమితికి లోబడినవారికి అక్కడ న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. దరఖాస్తు తెల్ల కాగితం మీద రాసినా తీసుకుంటారు. మన రెండు రాష్ట్రాల కేసులు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి కనుక, అక్కడ వాదించే ఒక న్యాయవాదిని నాకు ఏర్పాటు చేశారు.

ఆమె ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: “సైన్యంలో చేరిన రోజున మీ ఆరోగ్యం గురించి ఏమి రాశారు?” నేను ఎన్నడూ ఆలోచించని విషయం అది. నాసిక్ రోడ్‌లోని మా రికార్డ్స్ కార్యాలయానికి పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కాగితాలు తెప్పించాను. చేరినప్పుడు ఏ జబ్బూ లేదని స్పష్టంగా ఉంది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: చేరినప్పుడు నమోదు కాని జబ్బు తర్వాత వస్తే అది సేవ వల్లనే వచ్చిందని భావించాలి, కాదని నిరూపించే భారం సైనికుడిది కాదు. మా కేసంతా దాని మీదే నిలబడింది.

2021లో తీర్పు అనుకూలంగా వచ్చింది. 2014 నాటి సుప్రీంకోర్టు రామ్ అవతార్ తీర్పు ప్రకారం నా ముప్పై శాతం వైకల్యాన్ని పింఛను కోసం యాభైగా లెక్కకట్టారు. కానీ ఆలస్యంగా వెళ్లినందుకు బకాయిలు దరఖాస్తుకు ముందు మూడేళ్లకే పరిమితమయ్యాయి. అంతకు ముందు ఏళ్ల డబ్బు ఇక రాదు. ఆ రోజుల్లో పిల్లల చదువుకు చేసిన అప్పు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే తొందరపెడుతున్నాను.

మీ అన్నయ్యకు ఒక అనుకూలత ఉంది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నియమాలు వచ్చాయి, ఆయన అంతకు ముందే బయటకు వచ్చారు కనుక పాత నియమాలే వర్తిస్తాయి. అయితే మెడికల్ బోర్డు వేసిన శాతం ఇరవైకి తగ్గకుండా ఉందో లేదో చూడండి, అంతకంటే తక్కువైతే దారి కష్టం. రెండో అప్పీలుకు గడువు ఉందా, నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలా అన్నది తిరస్కరణ లేఖ తేదీ చూసి న్యాయవాది చెబుతారు.

నా రోజుల్లో లేని సౌకర్యం ఇప్పుడు ఇంకొకటి ఉంది. 2025 జూలై 26న, కార్గిల్ విజయ దినం నాడు, జాతీయ న్యాయ సేవల సంస్థ ‘వీర్ పరివార్ సహాయతా యోజన’ మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ బుక్, తిరస్కరణ లేఖలు, వైకల్య ధ్రువపత్రం ఉంటే అదీ పట్టుకెళ్లండి.

మెడికల్ బోర్డు కాగితాలు చేతికి వచ్చాక, చేరిన రోజు చెవుల గురించి ఏమి రాశారో, అన్నయ్య ఏ దళంలో పనిచేశారో ఇక్కడే రాయండి. తుపాకుల మోత మధ్య ఎన్నేళ్లున్నారన్నది ఈ కేసులో చాలా ముఖ్యం.