ఒసాకా వెళ్తున్న బుజ్జికి, పెదనాన్న

బుజ్జీ,

నువ్వు జపాన్‌లోని ఒసాకా వెళ్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు, అదీ కరెంటు బిల్లు కట్టానని చెప్పినట్టు మాటల మధ్యలో. తొమ్మిది రోజులట, తోడు ఆఫీసు ఫ్రెండ్ ఒక్కతేనట. ముందు గర్వం వచ్చింది, తర్వాత నిద్ర రాలేదు. మన ఇంట్లో ఆ ఊరు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా, పాతికేళ్ళు ఆ పేరు చెప్పుకుని బతికాను.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్ట్ ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, అక్కడ అది చట్టం. ఎయిర్‌పోర్టులోనే ఇకోకా కార్డు కొనుక్కో, రైలుకీ బస్సుకీ అదే. నాన్‌కాయ్ రైలెక్కితే మారకుండా నాంబాలో దిగుతావు. ఒసాకా స్టేషన్, ఉమేదా స్టేషన్ అని రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకు, రెండూ ఒకే చోట, రైలు కంపెనీని బట్టి పేరు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడు (టోక్యోలో ఎడమవైపు, ఎందుకో అడక్కు). జలుబు మాత్రలు సర్దుకునేముందు స్ట్రిప్ వెనక చదువు, సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే రానివ్వరు, కోడీన్ ఉన్న దగ్గు మందుతోనూ చిక్కే. నీ ఫ్రెండ్ చికెన్ పచ్చడి సర్దుతుంటే తీయించెయ్, మాంసం సరుకు ఏదైనా కస్టమ్స్ దగ్గరే పోతుంది.

హోటల్ నాంబా దగ్గర తీసుకో, రాత్రి పది దాటినా వీధిలో జనం ఉంటారు. గది మాత్రం చిన్నది. మీ నాన్న పెళ్ళినాటి సూట్‌కేస్ లాంటిది మోసుకెళ్తే మంచం మీద పెట్టి తెరవాలి. ప్రపంచంలో మొదటి క్యాప్సూల్ హోటల్ ఆ ఊళ్ళోనే పెట్టారు, 1979లో. నేనూ ఒక రాత్రి పడుకున్నాను, మన రైల్లో పై బెర్తుకి తెర కట్టినట్టుంటుంది. సరదాకి ఒక్క రాత్రి చాలు, అదీ ఆడవాళ్ళకి వేరే ఫ్లోర్ ఉంటేనే.

మ్యూజియాలకి సెలవులు ఒక్కోదానికి ఒక్కో రోజు. నకనోషిమాలో పింగాణీ మ్యూజియం సోమవారం మూస్తారు, ఇళ్ళ మ్యూజియం మంగళవారం, మిన్‌పాకు (దేశదేశాల జనజీవనం చూపించే మ్యూజియం) బుధవారం. ఇది రాసి పెట్టుకో. కోట అందరూ చూస్తారు, నువ్వూ చూడు, కానీ లోపల లిఫ్ట్ కనిపించి నీరసపడకు, ఇప్పుడున్న బురుజు 1931లో కాంక్రీటుతో కట్టింది. నాకు నచ్చింది ఇళ్ళ మ్యూజియం, తెన్‌జిన్‌బాషి ఆరో బ్లాకులో, ఎనిమిదో అంతస్తులో. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు లేదు, తర్వాతోసారి చూశాను. దాదాపు రెండొందల ఏళ్ళ కిందటి ఒసాకా వీధిని మొత్తం లోపల కట్టేశారు, మందుల కొట్టూ స్నానాల గదీ అన్నీ. నువ్వు నడుస్తుండగానే తెల్లారుతుంది, పొద్దుగుంకుతుంది. అక్కణ్ణించి కిందికి దిగితే 2.6 కిలోమీటర్ల బజారు, పైన కప్పుతో. వాన పడే రోజుకి దాచుకో.

ఇక తిండి. బుజ్జీ, ఇది కుదురుగా చదువు.

1997లో కంపెనీ నన్ను ఆరు నెలల ట్రైనింగ్‌కి పంపింది. దిగిన వారానికే స్టేషన్ పక్కన ఒక ఉడోన్ కొట్టు దొరికింది. నిలబడి తినాలి, ఆరుగురు నిలబడితే నిండిపోతుంది. నడిపేది ఒక పెద్దాయన. నాకొచ్చిన జపనీస్ మాటలు నాలుగైదు, వాటిలో ముఖ్యమైంది "నికు", అంటే మాంసం. "నికు నాషి" అనేవాణ్ణి, మాంసం లేకుండా అని. ఆయన తలూపి కిత్సునే ఉడోన్ పెట్టేవాడు. లావుపాటి గోధుమ సేమ్యా, పైన తియ్యగా ఉడికించిన వేపుడు టోఫూ, కింద తేనెరంగు చారు. చింతపండు లేదు, మిరియం లేదు, పోపు లేదు, అయినా గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగేవాణ్ణి. వారానికి ఐదు రోజులు, రెండు నెలలు.

ఆయన సంచిలోంచి గుప్పెడు తీసి మరిగే నీళ్ళలో వెయ్యడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చిత్రిక పడితే రాలే చెక్కపొరల్లా ఉండేవి, లేత గులాబీ రంగు, ఉల్లిపొరంత పల్చన, ఆవిరి తగలగానే మెలికలు తిరిగేవి. ఏదో చెట్టు బెరడు అనుకున్నాను, మన దాల్చినచెక్క లాంటిది. ఒకరోజు వాన, కొట్లో నేనొక్కణ్ణే. కొత్త సంచి విప్పుతున్నాడు, దానిమీద చేప బొమ్మ. వేలు పెట్టి చూపించాను. ఆయన సంతోషంగా లోపలికెళ్ళి రెండు ముక్కలు తెచ్చాడు, గోధుమరంగు, దుంగ చెక్కినట్టు. ఒకదానితో ఒకటి టకటకమని కొట్టాడు. చెక్క మోగినట్టే మోగింది. "సకానా" అన్నాడు.

చేప. కత్సువో అనే చేపని ఉడికించి, పొగబెట్టి, గట్టిపడేదాకా ఆరబెట్టి, చిత్రిక లాంటి బ్లేడు మీద గీకుతారు. ఆ చారు పేరు దషి. ఆయన మోసం చెయ్యలేదు. నేను మాంసం వద్దన్నాను, ఆయన మాంసం పెట్టలేదు. చేప సంగతి నేను అడగనే లేదు.

అప్పటికి గిన్నెలో సగం మిగిలి ఉంది. వదిలేసి వచ్చానని చెప్పుకోవాలని ఉంటుంది కానీ నీ దగ్గర అబద్ధమెందుకు, తాగేశాను. రూముకెళ్ళి తలస్నానం చేశాను. ఆదివారం పక్కింటివాళ్ళ నంబరుకి ఫోన్ చేస్తే మీ నాయనమ్మ "ఏం తింటున్నావురా, చిక్కిపోయావా" అంది. "చారన్నం అమ్మా" అన్నాను. తర్వాత నాలుగు నెలలు అన్నం ముద్దలు, ఉమెబోషి. ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పండు అది, నోట్లో పెట్టుకుంటే మాగాయ గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లేవి. ఆ కొట్టు ముందు నుంచే రోజూ వెళ్ళేవాణ్ణి, ఆయన చెయ్యి ఊపేవాడు, నేను వాచీ చూసుకునేవాణ్ణి. అదీ తప్పే, లోపలికెళ్ళి ఓ ముక్క చెప్పాల్సింది.

అందుకని నువ్వు వెళ్ళేముందే ఇవి తిననని జపనీస్‌లో ఒక కాగితం రాయించుకో. మాంసం, చేప, రొయ్య, చేప వేసి కాచిన దషి, నాలుగూ విడివిడిగా ఉండాలి. కొంబు అనే సముద్రపు నాచుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ దషి కాస్తారు, అది నువ్వు తినొచ్చు. షోజిన్ వంట అంటే బౌద్ధ సన్యాసుల భోజనం, అక్కడ నిశ్చింత. తకోయాకి దగ్గరికి పోనేపోకు, లోపల ఆక్టోపస్. ఒకోనోమియాకి అనే అట్టు కూరగాయలదే ఇచ్చినా పిండిలో దషి కలుపుతారు, పైన ఆ చేప పొరలు నాట్యం చేస్తుంటాయి. ఉమెబోషి అన్నం ముద్ద కొనేటప్పుడు కూడా కవరు మీద కెమెరా పెట్టి చదువు, కత్సువో కలిపినవీ ఉంటాయి. ఇంతా చదివి నువ్వు చేప చారు తాగుతానంటే తాగు, నిన్ను అనే మొహం నాకు లేదు. తెలిసి తాగు.

షాపింగ్ గురించి నేను చెప్తే నువ్వు వినవు. షిన్‌సాయ్‌బాషిలో కాళ్ళు నొప్పులు పుట్టేదాకా తిరుగుతావు, తిరుగు. నాంబా వెనక దోగుయాసుజి అని వంటసామాన్ల వీధి ఉంది, అది మాత్రం మానకు. మీ పెద్దమ్మ కూరగాయల చాకు అక్కడిదే, ఇప్పటికీ టమాటా కాగితంలా కోస్తుంది. చాకు కొంటే చెక్-ఇన్ సామానులో పెట్టు, చేతి సంచిలో కాదు.

వచ్చేటప్పుడు నాకో కొంబు ప్యాకెట్ తీసుకురా. పుట్టగొడుగులు ఇక్కడ దొరుకుతాయి, ఒక ఆదివారం చారు కాచి చూస్తాను.

రోజూ రాత్రి ఒక మెసేజ్ పెట్టు, "చేరాను" అని ఒక్క మాట చాలు, అక్కడికీ మనకీ మూడున్నర గంటలు తేడా కాబట్టి నేను మేలుకునే ఉంటాను. నాయనమ్మకి ఎనభై తొమ్మిది నిండాయి, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఈ ఉత్తరం ఆవిడ దగ్గర పైకి చదవకు.

మీ పెదనాన్న