డిసెంబర్ 31 గడువు చూసి ఎలక్ట్రిక్ కారు కొనేయాలా?

కరీంనగర్ నుంచి ఒక ప్రభుత్వ టీచర్ గారు రాశారు: "మేం చూసిన ఎలక్ట్రిక్ కారు షోరూం ధర 12.5 లక్షలు, అదే సైజు పెట్రోల్ కారు 9 లక్షలు. రోజూ స్కూలుకి రానూపోనూ 24 కిలోమీటర్లు, నెలకోసారి హైదరాబాద్. తెలంగాణలో రోడ్ ట్యాక్స్ మాఫీ 2026 డిసెంబర్ 31తో అయిపోతుందంటున్నారు. అమెరికాలో రాయితీ ఎత్తేశారని మా తమ్ముడు చెప్పినప్పటి నుంచీ ఇంకా టెన్షన్. లోన్ వడ్డీ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా తగ్గుతుందని షోరూంలో చెప్పారు. పాప బీటెక్ కోసం దాచిన 6 లక్షల ఎఫ్‌డీ తీసి ఇప్పుడే కొనేయమంటారా? వచ్చే ఏడాదే చేరాలి."

సార్, ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు. వచ్చే ఏడాదే ఫీజు కట్టాల్సిన డబ్బది, అప్పుడు చేతిలో లేక పర్సనల్ లోన్ ఎత్తితే కారు మీద మిగిలిందంతా ఆ వడ్డీకే పోతుంది.

షోరూంలో చెప్పిన ట్యాక్స్ లాభం మీకు రాదు. అది సెక్షన్ 80ఈఈబీ, ఏడాదికి 1.5 లక్షల వడ్డీ దాకా మినహాయింపు ఇచ్చేది, కానీ 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే, అదీ పాత పన్ను పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) రిటర్న్ వేసేవాళ్లకే. పాత పాంప్లెట్ చూసి చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, ఇలాంటి మాట నమ్మి ఈఎంఐ లెక్క వేసుకుంటే నష్టపోయేది మనమే. ఎలక్ట్రిక్ వాహనాలకు సబ్సిడీ ఇచ్చే కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలోనూ సొంత కార్లకు సబ్సిడీ లేదు. మీకు నిజంగా దక్కేవి రెండే: 5 శాతం జీఎస్టీ, అది ధరలోనే కలిసి ఉంటుంది, ఇంకోటి మన రాష్ట్రం 2024 నవంబర్‌లో ఇచ్చిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ.

ఆ మాఫీ ఎంత పెద్దదో చూడండి. పెట్రోల్ కారుకి 14 శాతం లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్), అంటే 1.26 లక్షలు కలిపితే 10.26 లక్షలు అవుతుంది. ఎలక్ట్రిక్ 12.5 దగ్గరే ఆగుతుంది. తేడా 2.24 లక్షలు, దాన్ని 9 శాతానికి అయిదేళ్ల లోన్‌లో పెడితే వడ్డీతో కలిపి సుమారు 2.8 లక్షలు. ఇప్పుడు నడిపే ఖర్చు: పెట్రోల్ లీటరు 107, ఊళ్లో మైలేజీ 15 అనుకుంటే కిలోమీటరుకి 7 రూపాయల పైనే. ఇంట్లో చార్జింగ్ పెడితే, పై స్లాబ్‌లో యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా, కిలోమీటరుకి రూపాయిన్నర. (నెలకు దాదాపు 140 యూనిట్లు అదనంగా కాలతాయి, స్లాబ్ మారుతుంది, అందుకే తక్కువ రేటు వేయలేదు.) మిగిలేది కిలోమీటరుకి 5.60. మీరు ఏడాదికి తిరిగేది 10 వేల కిలోమీటర్లు, కాబట్టి అయిదేళ్లకి లెక్క సరిపోతుంది, ఆ తర్వాతిదంతా లాభం. మాఫీ లేకపోతే ఈ కారుకి ట్యాక్స్ 2 లక్షల పైనే పడుతుంది, అప్పుడు అదే లెక్క తొమ్మిదేళ్లు దాటుతుంది. అందుకే గడువుని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి 7,500 డాలర్ల దాకా పన్ను తగ్గించే క్రెడిట్ 2032 దాకా ఉంటుందని చట్టంలోనే రాశారు, 2025 సెప్టెంబర్ 30తో ఆపేశారు. జర్మనీలో అయితే 2023 డిసెంబర్ 16న ప్రకటించి మర్నాటితోనే సబ్సిడీ దరఖాస్తులు బంద్ చేశారు, కారు బుక్ చేసి డెలివరీ కోసం చూస్తున్నవాళ్లు మధ్యలో ఇరుక్కుపోయారు, కొన్ని కంపెనీలు ఆ డబ్బు తామే భరించాల్సి వచ్చింది. 2024లో కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే అయిన నార్వేలో కూడా 2023 నుంచి ఖరీదైన వాటి మీద వ్యాట్ మొదలుపెట్టారు. మన దగ్గరే 2023 జూన్‌లో స్కూటర్ల సబ్సిడీ ఒక్కసారిగా కోసేశారు, 2025 సెప్టెంబర్‌లో చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, అంటే రాయితీ అలాగే ఉన్నా తేడా తగ్గింది. రాయితీ ఎప్పుడు పోతుందో మన చేతిలో లేదు, కానీ ఉన్నది వాడుకోవడానికి ఎఫ్‌డీ ఒక్కటే దారి కాదు.

నేనైతే ఇలా చేయమంటాను. 12.5లో 9 లక్షలు లోన్ అనుకుంటే, అదే 9 శాతానికి అయిదేళ్ల ఈఎంఐ సుమారు 18,700. ఈ నెల నుంచే అంత మొత్తం ఒక ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. మూడు నాలుగు నెలలు ఇబ్బంది లేకుండా కట్టగలిగితే లోన్ మీకు బరువు కాదు, ఆ డబ్బు డౌన్ పేమెంట్‌లోకి వస్తుంది. రెండో నెలకే ఎవరినో చేబదులు అడగాల్సి వస్తే గడువు పోతే పోనివ్వండి, పాప ఫీజులయ్యాక చూసుకుందాం.

కొనేటట్టయితే అక్టోబర్‌లోపే బుక్ చేయండి. బుకింగ్ రసీదు పనికిరాదు, రిజిస్ట్రేషన్ కూడా గడువులోపే అయిపోవాలి, డిసెంబర్ ఆఖరి వారంలో అందరూ ఒకేసారి వస్తారు. ఈలోగా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పార్కింగ్ దగ్గర 15 ఆంప్స్ ప్లగ్గు, ఎర్తింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోండి, ఇంట్లో చార్జింగ్ కుదరకపోతే పైన వేసిన రూపాయిన్నర లెక్క మొత్తం మారిపోతుంది.