కొండ చూడని పిల్లలతో కొండకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలికాలం శిబిరాలు దగ్గరపడ్డాయేమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల్ని ఏజెన్సీ కొండలకి తీసికెళ్ళే టీచర్లవీ, ఆ పని నేర్చుకుందామనుకునే కుర్రాళ్ళవీ. అందుకని పేజీ మొత్తం వాళ్ళకే ఇచ్చేశాం.

మాది అమలాపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలండి. తొమ్మిదో తరగతి పిల్లలు 40 మందిని రెండు రోజుల ప్రకృతి శిబిరానికి మారేడుమిల్లి వైపు తీసికెళ్దామనుకుంటున్నాం. ముగ్గురు టీచర్లం వస్తాం. వీళ్ళలో చాలామంది కొండ ఎక్కినవాళ్ళు కారు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?
— బయాలజీ టీచరు

ముందు మనుషుల లెక్క సరిచేయండి. 40 మందికి ముగ్గురు చాలరు. అడవి బాటలో 10 మందికి ఒక పెద్ద చొప్పున నలుగురు, ఆ పైన ఒకరు అదనంగా ఉండాలి. ఆ అయిదో మనిషి ఎందుకంటే, ఒక పిల్లకి కాలు బెణికితే ఒకరు ఆమెతో వెనక్కి రావాలి, మిగతా గుంపు చెదరకూడదు. ఆడపిల్లలుంటే లేడీ టీచరు తప్పనిసరి.

తర్వాత అనుమతి. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయింది, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పార్కు హద్దు లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ వారి అనుమతి కాగితం కావాలి. మారేడుమిల్లి చుట్టూ ఉన్న అడవంతా పార్కు కాదు. మీరు నడవబోయే బాట ఎందులోకి వస్తుందో రేంజి ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. గేటు దగ్గర ఎవరో "పర్లేదు వెళ్ళండి" అన్నది అనుమతి కిందికి రాదు.

శిబిరానికి ముందు వారంలో ఇద్దరు టీచర్లు వెళ్ళి, అదే బాట అదే వేళకి నడిచి రావాలి. కిందటేడు చూశాంగా అంటే కుదరదు. ఒక్క వానాకాలంలో బాట కోసుకుపోతుంది, చెట్టు అడ్డంగా పడుతుంది, వాగు పక్కకి జరుగుతుంది. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతోందో, బస్సు ఎంతవరకూ రాగలదో కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో కిలోమీటర్లలో కాక నిమిషాల్లో రాసుకోండి. ఘాట్ రోడ్డు మీద మన డెల్టా లెక్కలు పనికిరావు.

నడక వేళ లెక్కకట్టడానికి ఒక పాత సూత్రం ఉంది. చదునుకి పిల్లలతో గంటకి 3 కిలోమీటర్లు, ఎత్తుకి ప్రతి 100 మీటర్లకి అదనంగా 10 నిమిషాలు. 4 కిలోమీటర్ల బాటలో 200 మీటర్ల ఎక్కుడు ఉంటే 80, 20 కలిపి 100 నిమిషాలు. కొండ కొత్తయిన పిల్లలకి దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, అంటే రెండున్నర గంటలు. తిరిగొచ్చే వేళ ముందే పెట్టుకుని పిల్లలకీ చెప్పేయండి. ఆ టైముకి జలపాతం ఇంకా 10 నిమిషాల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. చలికాలం కొండ లోయలో మన ఊరికంటే ముందే చీకటి పడుతుంది.

వరస ఇలా కట్టండి: ముందు దారి తెలిసిన మనిషి, ఆయన వెనకే అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్లలు, మధ్యలో గట్టివాళ్ళు, చివర అనుభవమున్న టీచరు. ఆ చివరి టీచర్ని ఎవరూ దాటి వెనకపడకూడదు. దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముందువాళ్ళు ఆగి నీళ్ళు తాగి కబుర్లు చెప్పుకుంటారు, ఆఖరి పిల్ల రొప్పుతూ వచ్చేసరికి "అందరూ వచ్చేశారు, పదండి" అంటారు. విశ్రాంతి అక్కర్లేనివాడికి 10 నిమిషాలు దొరికింది, కావలసినదానికి ఒక్క నిమిషం లేదు. వేళ లెక్క చివరి పిల్ల కూర్చున్నప్పట్నుంచి మొదలవ్వాలి. 5 నిమిషాలు చాలు.

ప్రతి పిల్లకీ ఒక అంకె ఇవ్వండి, జత కట్టండి. బస్సు దిగినప్పుడు, బాట మొదట్లో, వాగు దాటాక, తినడం అయ్యాక, బస్సెక్కాక అంకెలు పిలిపించాలి. తలలు లెక్కపెడితే తప్పిపోతుంది, పిల్లలు కదులుతూ ఉంటారు. అంకె పలక్కపోతే మాత్రం ఎవరు లేరో వెంటనే తెలుస్తుంది.

పూట నడకకి తలకి 2 లీటర్ల నీళ్ళు. కొత్త బూట్లు వద్దు, మడమ కొట్టుకుపోతుంది. పాత బూట్లు, మేజోళ్ళు చాలు. కాలు కాస్త మండుతోందన్నప్పుడే ఆపి మెడికల్ టేపు వేయాలి, బొబ్బ లేచాక వేస్తే సగమే ఫలితం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు ఒకటి లీటరు నీళ్ళకి, ఒక్కసారే. గ్లాసుడు నీళ్ళలో ప్యాకెట్టంతా కలిపేస్తుంటారు. ఆ ఉప్పు మోతాదు పిల్లకి మేలు చెయ్యదు, హాని చేస్తుంది.

మా పిల్లలందరికీ పంటకాలవలో ఈతలు బాగా వచ్చు. వాగులో కాసేపు దిగనివ్వొచ్చా?
— పీఈటీ, ముమ్మిడివరం వైపు నుంచి

దిగనివ్వొద్దు. ఈత వచ్చు కాబట్టే వద్దంటున్నాం. కాలవలో నీరు ఒకే తీరుగా పోతుంది, అడుగున బురద మెత్తగా ఉంటుంది, గట్టు చేతికందుతుంది. కొండవాగులో అడుగంతా బండరాళ్ళు. వాటిమీద పాచి, వాటి మధ్య సందులు. ఉరవడిలో పాదం ఆ సందులో ఇరుక్కుందంటే నీటి తోపుకి మనిషి ముందుకి పడిపోతాడు, ఇక లేవలేడు. మోకాలి లోతు నీళ్ళలోనూ ఇలా జరుగుతుంది. జలపాతం కింద మడుగులో నీళ్ళు లోపలికి తిప్పుకుంటాయి, అక్కడ ఎంతటి ఈతగాడైనా పైకి తేలడం కష్టం.

దాటక తప్పని చోట మోకాలు దాటిన లోతు ఉంటే దాటకండి. మీ దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన వాన పడొచ్చు. తేటగా ఉన్న నీరు ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, పైనుంచి హోరు పెరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాన్లు వదిలేసి గట్టు పైకి ఎక్కించేయండి. వాగు వెంబడి కిందికి పరిగెత్తించకూడదు.

పిల్లలకి చెట్ల పేర్లు, పిట్టల పేర్లు చెప్తున్నాం. రాసుకుంటున్నారు, సాయంత్రానికి మర్చిపోతున్నారు. మిగతా టైమంతా సెల్ఫీలే. అసలేం చెప్పాలి?
— సైన్స్ క్లబ్బు నడిపేవారు, పాలకొల్లు

పేర్లు తగ్గించండి. రోజుకి అయిదు చాలు, అవీ పిల్ల వేలుపెట్టి చూపించి అడిగినవే.

మొదటి గంటలో కూర్చోబెట్టడం మంచి పని. ఒక్కొక్కరూ పది అడుగుల ఎడంతో, టీచరుకి కనపడేలా, 20 నిమిషాలు. చేతిలో అట్ట, పెన్సిలు. పెన్ను వద్దు, మంచుకి తడిసిన కాగితం మీద పెన్ను సాగదు. కాగితం నడిమధ్య ఒక చుక్క పెట్టమనండి, అది తనే. ఏ శబ్దం ఏ దిక్కునుంచి వస్తే ఆ దిక్కున గుర్తు పెట్టాలి. మొదటి 5 నిమిషాలు ఇకఇకలు, పకపకలే ఉంటాయి, కోప్పడకండి. ఏడో ఎనిమిదో నిమిషం దాటాక గుంపు దానంతటదే సద్దుమణుగుతుంది. 10 నిమిషాలకే లేపేస్తే ఆ మంచి సగం పోయినట్టే.

డెల్టా పిల్లలకి మాత్రమే బాగా పట్టే పాఠం ఒకటుంది: వాళ్ళ ఊరి మట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది. లీటరు పట్టే తేటైన సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో మీ వరిచేలో ఒండ్రు మట్టి, రెండోదాంట్లో కొండవాగు పక్కన మట్టి, మూడో వంతు చొప్పున. రాళ్ళు, వేళ్ళు ఏరేయండి. మెడదాకా నీళ్ళు పోసి, చిటికెడు బట్టలసబ్బు పొడి వేసి, మూత బిగించి 3 నిమిషాలు గట్టిగా కుదిపి కదలని చోట పెట్టండి. మొదటి నిమిషంలో దిగేది ఇసుక. దారంతో గీత కట్టండి. సుమారు రెండు గంటలకి దిగేది ఒండ్రు, ఇంకో గీత. బంకమట్టి దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే ఈ పని చేరిన పూటే మొదలెట్టాలి, మర్నాడు మొదలెడితే బంకమట్టి గీత చూడకుండానే బస్సెక్కేస్తారు. కొండ సీసాలో ఇసుక పొర దళసరిగా, మీ ఊరి సీసాలో బంకమట్టి పొర దళసరిగా కనిపించినప్పుడు ఎందుకని వాళ్ళనే అడగండి. ఉరవడి ఉన్నచోట నీరు ఇసుకని కూడా మోస్తుంది, నెమ్మదించేకొద్దీ బరువైనది ముందు వదిలేస్తుంది. పాపికొండల మధ్య ఇరుకులో పోయిన గోదారి పోలవరం దాటాక వెడల్పవుతుంది, ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. లంకలు ఎలా పుట్టాయో సీసా చూసిన పిల్ల తనే చెప్తుంది. సీసా కుదిపేవాళ్ళు ఆత్రంతో పావుగంటకోసారి ఎత్తి చూస్తే పొరలు చెడతాయి, అది ముందే చెప్పండి. పార్కు హద్దులోని మట్టి ఇంటికి తేకూడదు. ప్రయోగం అయ్యాక తీసినచోటే పోసేయండి.

సెల్ఫీల సంగతంటారా, పది మందికి ఒక ఫోను, అదీ టీచరు చేతిలో. వేరే మందు లేదు.

ఎకో గైడుగా, శిబిరాల్లో ఇన్‌స్ట్రక్టరుగా పనిచేయాలని ఉంది. డిగ్రీ అయింది. ఏ శిక్షణ తీసుకోవాలండీ? మా దగ్గర కొండలే లేవు కదా.
— భీమవరం యువకుడు

కొండ పని నేర్పే ప్రభుత్వ సంస్థల్లో పేరున్నవి డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో పెట్టిన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్. ముందు బేసిక్ కోర్సు, దాదాపు నెల. అందులో 'ఎ' గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకి తీసుకుంటారు, ఆ తర్వాత బోధన పద్ధతుల కోర్సు. బేసిక్‌లోనే 'బి' దగ్గర ఆగిపోయేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది దమ్ము దగ్గర. డెల్టాలో ఉండి దమ్ము తెచ్చుకోవాలంటే 10 కిలోల సంచితో మెట్లెక్కాలి. అన్నవరం, కోరుకొండ మెట్లు పనికొస్తాయి. వారానికి మూడు పూటలు, మూడు నెలల ముందునుంచి. ఎక్కడమే కాదు, దిగడం కూడా సంచితోనే దిగండి, మోకాళ్ళు నొప్పెట్టేది దిగేటప్పుడే. ఏటిగట్టు మీద పరుగు మంచిదేగానీ అదొక్కటీ చాలదు.

అయితే ఒక మాట. మంచుకొండల కోర్సు తాడూ ముడీ నేర్పుతుంది, పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పదు. మారేడుమిల్లి బాటల్లో తాడు పని దాదాపు ఉండదు కూడా. మీకు రోజూ అక్కరకొచ్చేవి ప్రథమచికిత్స, స్థానిక చెట్లూ పిట్టలూ, కోయ మాటలు కాసిని. ఒక్కటే చేయగలిగితే ముందు ప్రథమచికిత్స శిక్షణ తీసుకుని, అనుభవమున్న గైడు వెనక ఒక సీజనంతా చివరి మనిషిగా నడవండి. గుంపు ఎక్కడ తెగుతుందో, ఎవరు అలిసిపోయి చెప్పకుండా ఉంటారో చివర్లో నడిస్తేనే కళ్ళకి కడుతుంది.

జలగలు, దూలగొండి, పాములు. మూడింటికీ ఏం చేయాలో రెండు ముక్కల్లో చెప్పండి.
— కాకినాడ నుంచి

జలగని గోటితో పక్కకి తోసి తీయాలి. ముందు సన్నగా ఉన్న కొస, తర్వాత లావుగా ఉన్న కొస. ఉప్పు, నిప్పు పెడితే కడుపులోదంతా గాయంలోకి కక్కుతుంది.

దూలగొండి నూగు ఒంటిమీద పడితే గోకకూడదు, నీళ్ళతో రుద్దకూడదు. అంటుకునే టేపు వేసి లాగితే నూగు టేపుతో వస్తుంది. రెండు మూడుసార్లు లాగాక సబ్బుతో కడగండి. ఆ బట్టలు వేరే కవరులో కట్టేయాలి.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలైనా చెయ్యైనా కదలకుండా కర్ర దన్ను పెట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, నడిపించకుండా మోసుకుని 108కి, లేదా మీ బస్సులోనే ఆసుపత్రికి. ఎక్కడ విరుగుడు మందు సిద్ధంగా ఉందో శిబిరానికి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే ఉండదు. రాత్రి నేలమీద పడుకున్న పిల్ల తెల్లారేసరికి కడుపునొప్పి అంటున్నా, కనురెప్పలు వాలిపోతున్నా, గాటు కనపడకపోయినా సరే, పాముకాటేమోనని అనుమానించి బయల్దేరండి. నేలమీద పడకలు వద్దు. మంచాలు, దోమతెరలు.

శిబిరం నుంచి వచ్చిన పది రోజులకి మా అబ్బాయికి జ్వరం. మామూలు జ్వరమే అనుకోవచ్చా?
— ఒక తల్లి, రాజోలు

అనుకోవద్దమ్మా, ఈరోజే రక్తపరీక్ష చేయించండి. డాక్టరుగారితో మొదటి మాటగా "బాబు ఫలానా తేదీల్లో ఏజెన్సీకి వెళ్ళొచ్చాడు" అని చెప్పండి. ఆ ముక్క చెప్పకపోతే ఇక్కడ ఎవరికీ తట్టకపోవచ్చు. మలేరియా మామూలుగా దోమ కుట్టిన వారం నుంచి నెల రోజుల్లోపు బయటపడుతుంది. రెండోది స్క్రబ్ టైఫస్, గడ్డిలో ఉండే కంటికానని పురుగు వల్ల వస్తుంది. చంకలు, గజ్జలు, నడుం పట్టీ దగ్గర నొప్పిలేని నల్ల పక్కు ఉందేమో వెతకండి. ఉంటే చూపించండి, లేకపోయినా ఆ అనుమానం డాక్టరుగారికి చెప్పండి. రెండింటికీ మందులున్నాయి, ఆలస్యమైతేనే ప్రమాదం. శిబిరం నడిపినవాళ్ళకీ కబురు చేయండి, మిగతా పిల్లల్ని కూడా వాళ్ళు కనుక్కోవాలి.

కొండదాకా వెళ్ళే స్తోమత లేదు. కోరింగ మడ అడవికి ఒక్క పూట తీసికెళ్తే చాలా? ఏ వేళకి వెళ్ళాలి?
— ప్రైమరీ టీచరు, తాళ్ళరేవు

చాలు. చిన్నపిల్లలకైతే కొండకంటే అదే నయం. వేళ మాత్రం గడియారం చూసి కాదు, పోటు పాటు చూసి పెట్టుకోండి. నిండు పోటులో వెళ్తే ఆకులూ నీళ్ళూ తప్ప ఏమీ కనపడవు. పాటుకి, అంటే నీరు పూర్తిగా తీసే వేళకి, ముందు గంట, తర్వాత గంట మంచి సమయం. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన శ్వాసవేర్లు, బురదమీద గెంతే చేపలు, ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉండి దాన్ని ఊపే మగపీతలు అప్పుడే బయటపడతాయి. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజురోజుకీ వేళ 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. సోమవారం పొద్దున 8కి పాటైతే శుక్రవారానికి 11 దాటిపోతుంది. తేదీ ఖాయం చేసేముందు వేటకెళ్ళేవాళ్ళని అడగండి, వాళ్ళకి నోటి లెక్క.

చెక్కబాట దిగనివ్వొద్దు. తిల్ల చెట్టు కొమ్మ విరవనివ్వొద్దు, దాని పాలు కంట్లో పడితే మంట, వాపు, కాసేపు చూపు కూడా పోతుంది. పడితే మంచినీళ్ళతో పావుగంట ఆపకుండా కడిగి కంటి డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాలి. ఆ మంచినీళ్ళు మీ వెంట ఉండాలి. అక్కడున్న నీళ్ళు ఉప్పునీళ్ళే కదా.