పుస్తకం ఎవరి గొంతులో వినాలి?

ప్రశ్న: నా ఇల్లు గాజువాకలో, ఉద్యోగం ద్వారకానగర్‌లోని ఒక బ్యాంకులో. రాకపోకలకు పట్టే సమయాన్ని కొంతకాలంగా ఆడియో పుస్తకాలకు కేటాయించాను. ఈ మధ్య వరుసగా క్వీర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు మొదలైన) రచయితల నవలలు, ఆత్మకథలు విన్నాను. సినిమా నటుడు ఎలియట్ పేజ్ తన ఆత్మకథ ‘పేజ్‌బాయ్’ను తానే చదివారు. ఆ గొంతులో నిజాయితీ ఉంది గాని, కథ ఒకసారి బాల్యానికీ, ఒకసారి సినిమా చిత్రీకరణకీ, మళ్ళీ వెనక్కీ పోతూ ఉంటే ఏ సంవత్సరంలో ఉన్నానో తెలియక తికమకపడ్డాను. ఓషన్ వువాంగ్ తన నవలను చదివిన తీరు మరీ జోలపాటలా ఉంది. ఒకనాడు దిగవలసిన స్టాపు దాటిపోయిన తరువాత గాని మెలకువ రాలేదు. డగ్లస్ స్టూవర్ట్ నవల ‘షగ్గీ బెయిన్’ను ఆంగస్ కింగ్ అనే నటుడు చదివారు. మొదట్లో సగం మాటలు అర్థం కాలేదు, ఆ తరువాత ఆపలేకపోయాను. కార్మెన్ మరియా మచాడో తానే చదివిన ‘ఇన్ ద డ్రీమ్ హౌస్’ వీటన్నిటిలోకీ నచ్చింది. ఇంతకీ రచయిత చదివితే మేలా, నటులు చదివితే మేలా? ఇలాంటి పుస్తకాన్ని తెలుగులో ఎవరి చేత చదివించాలి? ఇంట్లో అత్తగారూ పిల్లలూ ఉండగా వీటిని స్పీకరులో పెట్టుకోవచ్చా? (చివరిది సగం సరదాకే అడుగుతున్నాను.)
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ‘షగ్గీ బెయిన్’ విషయంలో మీ అనుభవమే చాలామందిది, నాదీ అదే. 2020లో బుకర్ బహుమతి పొందిన ఈ నవల 1980ల నాటి స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో, గనులు మూతపడి పనులు లేక పడి ఉన్న ఒక శివారు కాలనీలో సాగుతుంది. తల్లి ఆగ్నెస్ తాగుడుకు బానిస. అయినా ముస్తాబులో గాని మాటలో గాని దర్జా వదులుకోదు. చిన్న కొడుకు షగ్గీకి కూడా పెద్దింటివాళ్ళలా స్పష్టంగా మాట్లాడటం అలవాటు చేస్తుంది. తోటి పిల్లలు ఆ అబ్బాయిని వెక్కిరించేది అతని నడకను చూసి ఎంతో, అతని మాట విని కూడా అంతే. అంటే ఈ కథలో యాసకు కథాపాత్రకు ఉన్నంత పని ఉంది. కాలనీవాళ్ళ మాటా, షగ్గీ మాటా పక్కపక్కనే చెవిన పడినప్పుడు, వాడు ఎందుకు ఒంటరివాడయ్యాడో రచయిత వివరించకుండానే తెలిసిపోతుంది. అచ్చులో చదివేటప్పుడు ఆ తేడాను మనమే ఊహించుకోవాలి. గ్లాస్గో మాట ఎన్నడూ వినని మన చెవికి ఆ ఊహ ఎంతవరకు అందుతుంది? కింగ్ పాత్రలను అనుకరించి నవ్వించే ప్రయత్నం చేయలేదు, ఆ ఊరి మాటను ఉన్నది ఉన్నట్టు పలికారు. మొదట్లో మీరు పడిన ఇబ్బంది ఆ నిజాయితీకి మనం చెల్లించే రుసుము.

మన ఊరి సంగతే తీసుకుంటే ఇది ఇంకా తేలికగా బోధపడుతుంది. రావిశాస్త్రి ‘ఆరు సారా కథల్లో’ని ‘మాయ’లో ముత్యాలమ్మ ప్లీడరుతో మాట్లాడే మాటలను, పత్రికల తెలుగులో పెరిగిన గొంతుతో, ప్రతి అక్షరాన్నీ ఒత్తి పలికే వారి చేత చదివించి చూడండి; అక్షరాలన్నీ ఉంటాయి, ముత్యాలమ్మ మాత్రం ఉండదు. అందుచేత నవల విషయంలో నా అభిప్రాయం ఇది: ఆ నేల మాట తెలిసిన నటుడు దొరికితే రచయిత కన్నా అతనే మేలు. నవలలో పదిమంది మాట్లాడతారు, అందరికీ తగిన గొంతు పట్టే విద్య రచయితలందరికీ ఉండదు. ఈ వరుసలో మీరు వినదగినది అలన్ హోలింగ్‌హర్స్ట్ 2024లో వెలువరించిన ‘అవర్ ఈవెనింగ్స్’. తల్లి ఇంగ్లీషు దర్జీ, తండ్రి బర్మా వాడు, తాను నటుడు, పురుషులను ప్రేమించే పురుషుడు అయిన డేవ్ విన్ తన జీవితాన్ని చెప్పుకొనే ఈ నవలను ప్రసన్న పువనరాజా అనే నటుడు చదివారు. ఒక నటుడి కథను నటుడే చెబుతుంటే నవలకు ఆత్మకథ రుచి వస్తుంది.

ఆత్మకథ దగ్గరకు వచ్చేసరికి నా మాట తిరగబడుతుంది. క్వీర్ మనుషుల గురించి ఎంతోకాలంగా ఇతరులే మాట్లాడారు: పోలీసులు, వైద్యులు, సినిమా హాస్యగాళ్ళు, ఇరుగుపొరుగు. అలాంటి చోట ఆ మనిషే నోరు విప్పి చెప్పడం కేవలం చదవడం కాదు, సాక్ష్యం ఇవ్వడం. ‘పేజ్‌బాయ్’ విషయంలో మీతో నేను విభేదించేది ఇక్కడే. పేజ్ నటించిన ‘జూనో’ చూసినవారికి ఆ సినిమాలో వినిపించిన గొంతు గుర్తుండే ఉంటుంది; 2023లో ఈ పుస్తకం చదివిన గొంతు అది కాదు. ఆ రెండు గొంతుల మధ్య జరిగినదే పుస్తకంలోని కథ, కనుక దీనిని ఎంత గొప్ప నటుడు చదివినా ఒక సాక్ష్యం తగ్గిపోతుంది. కథ ముందువెనుకలుగా నడవడం ఉద్దేశపూర్వకమేనని పేజ్ మొదట్లోనే చెప్పారు. అయినా మీ తికమకలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే అచ్చు పుస్తకంలో వేలు అడ్డుపెట్టి వెనక్కి తిప్పి చూసుకొనే వెసులుబాటు చెవికి లేదు. మూడు గుర్తులు మనసులో పెట్టుకొని మళ్ళీ వినండి: ‘జూనో’ విడుదల 2007లో, తాను స్వలింగ ప్రేమికురాలినని బహిరంగంగా చెప్పినది 2014 ఫిబ్రవరిలో, ట్రాన్స్ వ్యక్తినని, అంటే పుట్టుకలో ఆపాదించిన లింగం తనది కాదని, ప్రకటించినది 2020 డిసెంబరులో. ఏ సంఘటన వినబడినా ఈ మూడింటిలో దేనికి ముందో, దేనికి తరువాతో చూసుకుంటే దారి తప్పదు.

మచాడో పుస్తకం మీకు అన్నిటికన్నా నచ్చడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఒక స్త్రీతో తన సహజీవనం క్రమంగా హింసగా మారిన వైనాన్ని ఆమె 2019లో వెలువడిన ఈ పుస్తకంలో చెప్పారు. అధ్యాయాలు చాలావరకు చిన్నవి. ఒకటి దెయ్యాల కథ పద్ధతిలో, ఒకటి జానపద కథ పద్ధతిలో, ఇలా ఒక్కొక్కటి ఒక్కో అచ్చులో పోసినట్టు ఉంటాయి. చాలా చోట్ల తన పాత మనిషిని తానే ఎదుట నిలబెట్టుకొని ‘నువ్వు’ అని మాట్లాడతారు. కాగితం మీద అది ఒక రచనా పద్ధతిలా కనిపిస్తుంది గాని, ఇయర్‌ఫోన్లలో ఆ మాట నేరుగా మనకే తగులుతుంది.

అయితే ఈ పుస్తకంలోనే శబ్దానికి లొంగని భాగం ఒకటి ఉంది. పిల్లల కథల్లో ‘ఇలా చేయదలిస్తే ఫలానా పేజీకి వెళ్ళు’ అని ఉంటుందే, ఆ పద్ధతిలో ఆమె ఒక ఉదయాన్ని రాశారు. క్షమాపణ అడిగితే ఒక పేజీ, ఎదురు తిరిగితే మరొక పేజీ. ఎటు పోయినా తిరిగి మొదటికే చేరతాం. మధ్యలో ఒక పేజీకి మాత్రం ఏ దారీ లేదు. విసిగి పేజీలు తిరగేసినవారికే అది దొరుకుతుంది, దొరకగానే ‘నువ్వు ఇక్కడ ఉండకూడదు’ అని మందలిస్తుంది. అచ్చులో చదివేవారు నిజంగానే తప్పు చేసి పట్టుబడినట్టు ఉలిక్కిపడతారు. వినేవారు ఏ తప్పూ చేయకుండా, పుస్తకం తీసుకుపోయిన చోటుకే పోయి, ఆ మందలింపు పడతారు. ఆ ఇంట్లో ఆమె పరిస్థితి కూడా అదే కదా అని ఒక వాదన చేయవచ్చు. కాని ఆ పేజీల కోసమైనా అచ్చు ప్రతిని ఒకసారి చేతిలోకి తీసుకోమని నా సలహా.

వువాంగ్ గురించి సగం ఒప్పుకుంటాను. ఆయన చాలా మెల్లగా చదువుతారు. అయితే ఆ నవల ‘ఆన్ ఎర్త్ వియ్‌ ఆర్ బ్రీఫ్లీ గార్జియస్’ చదవడం రాని తల్లికి కొడుకు రాసిన ఉత్తరం. ఆ తల్లికి అది చేరడానికి ఉన్న ఒకే మార్గం ఎవరైనా చదివి వినిపించడం, మరి కొడుకే ఆ పని చేస్తుంటే తొందర ఎలా పడతాడు? నవలను నటులకే అప్పగించాలన్న నా నియమానికి ఇదొక మినహాయింపు. వేగాన్ని కొద్దిగా పెంచుకోండి. మరీ పెంచితే ఉత్తరం కాస్తా వార్తాపఠనమవుతుంది. బస్సులో మాత్రం వద్దు, రాత్రి ఇంట్లో వినండి.

ఇక తెలుగు సంగతి. ఎ. రేవతి తమిళంలో రాసుకొన్న తన జీవితకథ 2010లో వి. గీత ఇంగ్లీషు అనువాదంగా వెలువడింది, దానిని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసి 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. దీనిని చదివించవలసి వస్తే ఎవరిని పిలవాలి? మన రేడియో నాటకాల పుణ్యమా అని, కష్టాల కథ అనగానే గొంతు వణికించి, వాక్యం చివర ఏడుపు పలికించే అలవాటు తెలుగులో చదివి వినిపించేవారికి ఇంకా పోలేదు. రేవతి కథలో దెబ్బలున్నాయి, ఇల్లు విడిచిపోవడాలున్నాయి, పోలీసుల చేతిలో అవమానాలున్నాయి. వాటితోపాటు చీర కట్టుకొన్న ఆనందమూ, గురువులతో, చేలాలతో (శిష్యులతో) గడిపిన కాపురమూ, చెణుకులూ ఉన్నాయి. ఏడుపు గొంతు మొదటి సగాన్నే వినిపించి రెండో సగాన్ని చంపేస్తుంది. తెలుగు మాతృభాషగా గల ట్రాన్స్ మహిళ ఒకరిని ఎంపిక చేసి, స్టూడియోలో కొన్నాళ్ళు తర్ఫీదు ఇచ్చి, వృత్తి కళాకారులకు ఇచ్చే పారితోషికమే ఇచ్చి చదివించాలి. తర్ఫీదు, పారితోషికం అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, గుర్తింపు ఒక్కటే చూసి మైకు ముందు కూర్చోబెట్టి, తడబడితే ‘సహజంగా ఉంది’ అని సరిపెట్టుకోవడం కూడా ఒక రకం చిన్నచూపే. రేవతి తన కథను ‘వెళ్ళై మొళి’ అన్న పేరుతో ఎ. మంగై దర్శకత్వంలో రంగస్థలం మీద ఏకపాత్రగా తానే ప్రదర్శిస్తున్నారు. ఆ బాధ ఎలా పలకాలో తెలియాలంటే మన కళాకారులు ముందు ఆ ప్రదర్శన చూడాలి.

స్పీకరు సంగతి: మచాడో పుస్తకం పిల్లలు ఉండగా వద్దు. అందులో ప్రేమించుకున్నది ఇద్దరు స్త్రీలని కాదు. హింస, శృంగారం దాపరికం లేకుండా ఉన్నాయని. మగవాడు భార్యను హింసించే నవల అయినా ఇదే జవాబు చెప్పేవాణ్ణి. రేవతి పుస్తకాన్ని మాత్రం అచ్చులో తెచ్చి, స్పీకరు బదులు మీరే అత్తగారికి కొన్ని పేజీలు చదివి వినిపించండి.

ప్రశ్న: నేను చూపు లేని ఉపాధ్యాయుణ్ణి. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో ఎన్నో ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నాను. ఎవరి గొంతు బాగుంది, ఎవరి యాస కుదిరింది అన్న చర్చలు చూసినప్పుడు ఇవి చూపున్నవారి విలాసాలని అనిపిస్తుంది. యంత్రస్వరం నాకు అడ్డు రాదు, పైగా తన అభిప్రాయం నా మీద రుద్దదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: మీరు చదువుతున్నారు, మేము వింటున్నాం, తేడా అక్కడే ఉంది. స్క్రీన్ రీడర్‌కు అలవాటుపడినవారు దానిని ఎంత వేగంగా నడుపుతారంటే పక్కన కూర్చున్న మాకు ఒక్క మాటా చిక్కదు, అయినా మీకు వాక్యం వాక్యంగా అందుతుంది. అక్కడ స్వరం మీకు అచ్చు అక్షరం చేసే పనే చేస్తుంది, భావమంతా మీరే కూర్చుకుంటారు. ఆ స్వేచ్ఛ ముందు ఏ నటుడైనా ఒక మెట్టు కిందే. 2012 కాపీరైటు సవరణ వల్ల ముద్రణ చదవలేనివారి కోసం పుస్తకాలను అనువైన రూపంలోకి మార్చడానికి ప్రత్యేక మినహాయింపు వచ్చింది, 2016లో సుగమ్య పుస్తకాలయం అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. మీ అవసరానికి ఇవి ఏ నటుడి కన్నా ముఖ్యం.

నా అభ్యంతరం ఒక్క చోటే. యంత్రస్వరాన్ని ఇప్పుడు మానవస్వరంలా తయారుచేసి, ఆడియో పుస్తకంగానే అమ్ముతున్నారు. యాపిల్ సంస్థ 2023 ఆరంభంలోనే అలాంటి పుస్తకాలను విడుదల చేసింది. యంత్రం తాను యంత్రమని చెప్పుకొంటున్నంత వరకు పేచీ లేదు. ఒక ట్రాన్స్ వ్యక్తి ఆత్మకథను అసలు మనిషే లేని గొంతుతో ‘నేను’ అని చెప్పించి, అందులో నిట్టూర్పు కూడా కలిపి వినిపిస్తే, దానికన్నా మీ స్క్రీన్ రీడర్ గొంతే నాకు మర్యాదగా తోస్తుంది. ఉత్తరాంధ్ర మాండలికంలో రాసిన సంభాషణ వచ్చినప్పుడు మీ యంత్రం ఏం చేస్తుందో వీలైతే రాయండి, ఈ శీర్షికలోనే ప్రచురిస్తాం.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. చందా కట్టే స్తోమత లేదు. వీడియో సైట్లలో ఎవరో పూర్తిగా చదివి పెట్టిన పుస్తకాలు వినవచ్చునా? క్వీర్ సాహిత్యంలో ఉచితంగా, న్యాయంగా దొరికేది ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థి, అక్కయ్యపాలెం

జవాబు: అనుమతి లేకుండా పెట్టిన పుస్తకం వినడమంటే రాసినవారికీ చదివినవారికీ రావలసిన సొమ్ము ఎగవేయడమే. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. అమెరికా చట్టం ప్రకారం హక్కుల గడువు దాటిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి ఉచితంగా అందించే లిబ్రివాక్స్ 2005 నుంచి నడుస్తోంది. అందులో ఆస్కార్ వైల్డ్ ‘డి ప్రొఫండిస్’ దొరుకుతుంది. మగవారితో సంబంధాల కారణంగా జైలుపాలైన వైల్డ్, 1897లో రెడింగ్ జైలులో ఉండగా తన ప్రియుడు ఆల్ఫ్రెడ్ డగ్లస్‌కు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం అది. వినే ముందు ఒక్కటి గమనించండి: 1905లో దానిని అచ్చు వేసిన మిత్రుడు రాబర్ట్ రాస్, డగ్లస్ ప్రస్తావనలన్నీ తొలగించారు, నమ్మదగిన పూర్తి పాఠం 1962లో గాని వెలుగు చూడలేదు. పాత పాఠం వింటే అది దుఃఖం గురించీ, క్రీస్తు గురించీ రాసిన వ్యాసంలా ఉంటుంది, ఎవరికి రాశాడో తెలియదు. కనుక ఉచితంగా దొరికిన దానిని విని, పూర్తి పాఠాన్ని మీ కళాశాల గ్రంథాలయంలో అడిగి చదవండి.