మూడు పుస్తకాలు కలిపేశారు

ప్రశ్న: మేడమ్‌గారూ, గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు రాస్తాను. నాకు ప్రోగ్రామింగ్ రాదు. వీడియోలు చూసుకుంటూ కోడ్ రాయకుండా యాప్‌లు చేసుకునే గూగుల్ యాప్‌షీట్‌లో సొంతంగా ఒక యాప్ తయారుచేశాను. దాని వెనక ఒకటే గూగుల్ షీట్. లాటు నంబరు, రైతు పేరు, ఫోను, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తేజానా మరో రకమా, ఏ ఛాంబర్లో పెట్టాం, బాండు (సరుకు దాచిన రసీదు) మీద ఎంత అప్పు తీసుకున్నారు, అన్నీ అందులోనే. గేటు దగ్గర పనిచేసే ముగ్గురి పేర్లు రాసి, వాళ్లకు అప్పు కాలమ్ కనపడకుండా షో-ఇఫ్ అనే షరతు పెట్టాను. మొన్న ఒక రైతు సరుకు అమ్మబోతే, కొనేవాడు "నీకింత అప్పుందిగా, ఎన్నాళ్లు ఆపగలవులే" అని రేటు బాగా తగ్గించి అడిగాడట. ఆ అంకె అచ్చంగా మా షీట్లోదే. ఓనరుగారు నా మీద ఇంతెత్తున లేచారు. కాలమ్ దాచినా బయటికెలా పోయింది? యాప్ తెరుచుకోదేమోనని షీట్‌ను కూడా అందరికీ ఎడిటర్‌గా షేర్ చేశాను. ఇప్పుడు మనిషికో యాప్ తయారుచేయాలా?
పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: గేటువాళ్లే చెప్పారని ఇక్కడ కూర్చుని నేను అనలేను. చూసే వీలు మాత్రం మీరే ఇచ్చారు, అదీ రెండు దారుల్లో.

మొదటిది షీట్ షేరింగ్. యాప్ తెరవడానికి ఎదుటివాళ్లకు షీట్ అక్కర్లేదు. మామూలుగా యాప్‌షీట్ మీ ఖాతా ద్వారానే షీట్‌ను చదివి వాళ్ల ఫోనుకు పంపిస్తుంది. మీరు షీట్ కూడా చేతికిచ్చారు కాబట్టి, యాప్‌లో పెట్టిన షో-ఇఫ్ షీట్‌ను నేరుగా తెరిచినవాళ్లను ఆపదు. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ షేరింగ్ తీసేసి రండి. షీట్లో కాలమ్‌ను హైడ్ చేస్తే చాలదా అని అడుగుతారేమో, చాలదు. ఎడిటర్‌గా ఉన్నవాళ్లు ఒక్క నొక్కుతో మళ్లీ తెరుస్తారు.

రెండోది షో-ఇఫ్. అది తెర మీద కనపడకుండా చేస్తుంది, అంతే. ఆ అప్పు అంకె గేటువాళ్ల ఫోనులోకి దిగిపోయే ఉంటుంది. ఫోనుకే చేరకుండా ఆపేది సెక్యూరిటీ ఫిల్టర్. అయితే అది ఆపేది వరసలను, కాలమ్‌లను కాదు. మీలాంటివాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

అసలు యాప్ రాకముందు మీ కోల్డ్ స్టోరేజీలో ఎలా నడిచిందో గుర్తు చేసుకోండి. గేటు దగ్గర గేటు పుస్తకం. మేస్త్రీ దగ్గర ఏ లాటు ఏ ఛాంబర్లో ఉందో రాసుకునే రిజిస్టరు. అప్పుల లెడ్జరు ఓనరుగారి బీరువాలో. దీన్ని ఎవరూ సెక్యూరిటీ అనలేదు గానీ, పుస్తకాలు వేరు కావడమే తాళం. మీరు ఉత్సాహంలో మూడు పుస్తకాలూ చింపి ఒకే బైండు చేశారు. ఆ తర్వాత ఒక పేజీ మీద తెల్ల కాగితం అంటించారు.

కాబట్టి మనిషికో యాప్ వద్దు, టేబుళ్లను విడగొట్టండి. అప్పుల వివరాలన్నీ వేరే ట్యాబులోకి తీసుకెళ్లి, లాటు నంబరుతో రెఫ్ (ఒక టేబుల్‌ను ఇంకోదానికి కలిపే లింకు) పెట్టి కలపండి. పాత షీట్లోంచి అప్పు కాలమ్‌ను పూర్తిగా తీసేయండి. సెక్యూరిటీ ఫిల్టర్‌ను అప్పుల టేబుల్‌కు పెట్టండి.

ఫిల్టర్లో మనుషుల పేర్లు రాయొద్దు. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. నేను పనిచేసిన చోట గేటు కుర్రాడిని అకౌంట్స్‌లోకి మార్చారు. అతని పేరు పదకొండు ఫార్ములాల్లో ఉంది, నేను పది సరిచేశాను. మిగిలిన ఆ ఒక్కటీ ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక ఆదివారం పోయింది. అందుకే 'సిబ్బంది' అని ఇంకో చిన్న టేబుల్ పెట్టండి: ఒక కాలమ్‌లో ఈమెయిల్, ఒక కాలమ్‌లో రోల్. గేటు, మేస్త్రీ, అకౌంట్స్, ఓనర్. నాలుగు చాలు. మనిషి సీటు మారితే ఈ టేబుల్లో ఒక్క గడి మారుస్తారు. పెద్ద పెద్ద సంస్థలు నడిపేదీ ఈ పద్ధతే. 1992లో అమెరికాలో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ అనే ఇద్దరు దీన్ని పద్ధతిగా ఒక పరిశోధన పత్రంలో రాసిపెట్టారు.

ఫిల్టర్లో చెప్పాల్సింది ఇంతే: యాప్ తెరిచిన మనిషి ఎవరో చెప్పే యూజర్‌ఈమెయిల్ ఫంక్షన్ ఇచ్చే అడ్రసును లుకప్‌తో సిబ్బంది టేబుల్లో వెతుకు, రోల్ అకౌంట్స్ గానీ ఓనర్ గానీ అయితేనే వరసలు పంపు. "గేటు కాకపోతే పంపు" అని మాత్రం తిప్పి రాయకండి. టేబుల్లో లేని మనిషి వస్తే రోల్ ఖాళీగా ఉంటుంది. ఖాళీ అంటే గేటు కాదుగా, అప్పులన్నీ కనిపిస్తాయి! యాప్‌షీట్‌లో యూజర్‌రోల్ అని రెడీమేడ్ ఫంక్షన్ కూడా ఉంది గానీ, దానికి తెలిసినవి అడ్మిన్, యూజర్ రెండే. మీకు సరిపోదు.

సిబ్బంది టేబుల్‌ను యాప్‌లో రీడ్ ఓన్లీ చేయండి. లేకపోతే ఎవరైనా తన వరస తెరిచి 'గేటు' తీసేసి 'ఓనర్' అని కొట్టుకుంటే ఆపేవాడు లేడు. మార్పులేమైనా ఉంటే షీట్లోనే మీరు చేయండి.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నా: గేటు దగ్గర ముగ్గురూ ఒకటే జీమెయిల్ వాడటం లేదు కదా? యాప్‌షీట్‌కు మనిషికింత అని నెలనెలా కట్టాలి కాబట్టి చాలాచోట్ల ఇలా మిగుల్చుకుంటారు. అలా అయితే ఎవరు ఏం మార్చారో రికార్డులో ముగ్గురూ ఒక్కరే అవుతారు. అలాగే యాప్‌లో సైన్‌ఇన్ తప్పనిసరి చేసి ఉందో లేదో చూడండి. అది లేకపోతే యూజర్‌ఈమెయిల్‌కు ఏమీ తెలియదు.

అంతా అయ్యాక యాప్‌షీట్ ఎడిటర్లో ప్రివ్యూ యాజ్ దగ్గర గేటు వాళ్ల ఈమెయిల్ కొట్టి, వాళ్ల కళ్లతో యాప్ చూడండి. తర్వాత ముగ్గురి ఫోన్లూ మీ ముందే సింక్ చేయించండి. సింక్ అయ్యేదాకా పాత అంకెలు ఫోనులోనే ఉంటాయి.

ఇక రైతు ఫోను నంబరు. అది మేస్త్రీకి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఓనరుగారిని అడగండి, ఇప్పుడైతే వింటారు.

ప్రశ్న: మా ఫర్నిచర్ షాపు డెలివరీ యాప్‌ను యాప్‌షీట్‌లో నా సొంత జీమెయిల్‌తో చేశాను. వచ్చే నెల ఉద్యోగం మారుతున్నాను. ఓనరుకు అడ్మిన్ ఇచ్చి వెళ్తే సరిపోతుందా?
ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సరిపోదమ్మా. యాప్ మీ పేరు మీద ఉన్నంతకాలం మీ ఖాతా మీదే నడుస్తుంది. మీరు ఏదో ఒకరోజు పాత ఫైళ్లు తుడిచేస్తూ ఆ షీట్ డిలీట్ చేస్తే అక్కడ డెలివరీలు ఆగిపోతాయి, ఫోను మీకే వస్తుంది. షాపు పేరుతో ఒక ఖాతా తెరిపించండి. యాప్ యాజమాన్యాన్ని దానికి ట్రాన్స్‌ఫర్ చేయండి, షీట్‌నూ ఫొటోల ఫోల్డర్‌నూ డ్రైవ్‌లో విడిగా మార్చండి. యాప్ మారితే అవి వాటంతటవే మారవు. ఇదంతా ఆఖరి రోజుకు పెట్టుకోకండి. ఒక వారం ముందే మార్చి, మీరు ఇంకా కుర్చీలో ఉండగానే రెండు డెలివరీలు కొత్త ఖాతా మీద నడిపించి చూడండి.