నా జీతం ఆ అప్పులోంచే వచ్చింది, అయినా రెండోసారి వద్దన్నాను

రాష్ట్ర ప్రభుత్వం అప్పు తెచ్చి బయోటెక్ పరిశోధనకు పెట్టడం తెలివైన పనేనా, కాలిఫోర్నియాలో చేశారుగా, ఏమైంది అని అడిగారు. నేను అక్కడ ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాలు) మీద కొన్నేళ్లు పనిచేశాను, నా జీతం ఆ అప్పులోంచే వచ్చేది. 2020లో మళ్లీ అప్పు తెద్దామని ప్రతిపాదన వస్తే మాత్రం వద్దని ఓటేశాను. పాత సహోద్యోగి ఒకావిడ ఫోన్ చేసి, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా అంది!

మొదటిసారికి, అంటే 2004కి, గట్టి కారణం ఉంది. పిండ మూలకణాల పరిశోధనకు ఫెడరల్ నిధుల మీద 2001లో అధ్యక్షుడు బుష్ ఆంక్షలు పెట్టాడు, అప్పటికే తయారైన కణాలకు తప్ప డబ్బివ్వం అని. కేంద్రం తలుపు మూసేసింది కాబట్టి కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపోజిషన్ 71 (జనం నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదన) పాస్ చేసి 300 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. వడ్డీతో కలిపి 30 ఏళ్లలో దాదాపు 600 కోట్లు కట్టాల్సి వస్తుందని ఓటర్లకిచ్చిన పుస్తకంలోనే రాశారు. కోర్టు కేసుల వల్ల బాండ్ల అమ్మకం 2007 దాకా మొదలే కాలేదు, అది వేరే గోల.

అప్పు డబ్బులో ఒక సుఖం ఉంది, ఏటా బడ్జెట్‌లో ఎవడూ కోత పెట్టలేడు. 2009లో రాష్ట్రం దగ్గర నగదు లేక చాలామందికి చెక్కులకు బదులు తర్వాత ఇస్తాం అని కాగితాలు రాసిచ్చింది, మేమూ టెన్షన్ పడ్డాం, కానీ మా గ్రాంట్ మాత్రం ఆగలేదు.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. అప్పు చేసి వంతెన కడితే అప్పు తీరేదాకా జనం దాని మీద నడుస్తారు, మేం కొన్న రసాయనాలు మూడు నెలల్లో అయిపోయేవి, జీతాలు నెలాఖరుకే అయిపోయేవి, వడ్డీ మాత్రం ఆ రోజు బళ్లో కూడా చేరని పిల్లలు కట్టాలి. అలాగని ఫలితం లేదనను. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టే ఏడీఏ-ఎస్‌సీఐడీ పిల్లలకు జన్యుచికిత్స తయారవడానికి ఈ డబ్బు సాయపడింది, 2021లో వచ్చిన నివేదికలో 50 మందిలో 48 మందికి అది పనిచేసింది. అయితే రోగులు మరీ తక్కువ, పెద్ద లాభం రాదు, లైసెన్స్ తీసుకున్న కంపెనీయే దాన్ని వదిలేసింది.

ఆంక్షల్ని ఒబామా 2009లోనే ఎత్తేశాడు. మరి 2020లో 550 కోట్లు, వడ్డీతో సుమారు 780 కోట్లు, ఎందుకు? నాకు సరైన జవాబు దొరకలేదు, ఆ అప్పు కోసం పెట్టిన ప్రొపోజిషన్ 14 మాత్రం 51 శాతంతో గట్టెక్కింది. రాయల్టీలతో, అంటే ఈ పరిశోధనలోంచి పుట్టిన చికిత్సల మీద రాష్ట్రానికొచ్చే వాటాతో, అప్పు తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఈ కొత్త చట్టం ప్రకారం రాయల్టీ సొమ్ము రోగుల చికిత్స ఖర్చు తగ్గించడానికి వెళ్తుంది. ఆ ఒక్క నిబంధన మాత్రం నాకు నచ్చింది.