మిర్యాలగూడలో సంఘం సభ్యత్వం తీసుకోవాలా? – సమాధానం

తమ్ముడూ, మిర్యాలగూడలో స్టూడియో తెరవగానే ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్లు సభ్యత్వం అడిగారు, చేరాలా వద్దా అన్నావు కదా. చేరు. కాకపోతే డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడుగు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే చాలు, రిజిస్టర్ చేసుకోవచ్చు. అది కూడా చేయించుకోలేదంటే ఆలోచించాల్సిందే. రసీదు మాత్రం వదలకు.

నల్లగొండలో నేనూ మొదట్లో చేరలేదు, చందా దండగ అనుకున్నా. శ్రావణంలో ఒక పెళ్లికి వెళ్తే, జీలకర్ర బెల్లానికి గంట ముందు కెమెరా షట్టర్ పోయింది. చెమటలు పట్టేశాయి. సంఘంలో ఉన్న అన్న ఒకాయన తన కెమెరా బండి మీద పంపాడు, పైసా తీసుకోలేదు. మర్నాడే చేరాను.

ఇంకా అనుమానంగా ఉంటే ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవానికి వాళ్లు కలిసేచోటికి వెళ్లి కూర్చో. మనుషులెలాంటివాళ్లో తెలిసిపోతుంది.